మొదటి రాత్రి మామిడితోటలోనే

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి సోమవారం పొద్దున మళ్ళీ ఎక్కేలోపు ఎక్కడికైనా పోయి టెంటు వేసుకోవాలని, కెమెరాకి కాస్త పని చెప్పాలని రాశావు. తలకోన, హార్సిలీ హిల్స్, పులికాట్ అని మూడు పేర్లు కూడా రాశావు. మూడూ మంచి చోట్లే. కానీ సెలవుకి ఒక్కటే పెట్టుకో. ఒక రాత్రి బయట ఉంటే ఫొటోకి పనికొచ్చే వెలుతురు దొరికేది రెండు పూటలే. శనివారం పొద్దు కుంకే ముందు ఒక గంట, ఆదివారం పొద్దు పొడిచాక ఒక గంట. ఆ రెండు గంటలూ కారులో గడిచిపోతే ఇంటికి తెచ్చుకునేది అలసట ఒక్కటే.

మొదటిసారి ఆ మూడింటిలో దేనికీ పోవద్దు. చంద్రగిరి దగ్గర మన చుట్టాల మామిడితోట ఉంది కదా, మొదటి రాత్రి అక్కడే గడుపు. ఎందుకంటే తలకోన ఉన్న శేషాచలం కొండలు చాలా మేరకు రిజర్వు ఫారెస్టు. అందులోనే శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది, 2010లో ఆ కొండల్ని బయోస్ఫియర్ రిజర్వుగా కూడా ప్రకటించారు. అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం, ఇక టెంటు సంగతి చెప్పక్కర్లేదు. ఎర్రచందనం దొంగల కోసం రాత్రంతా గస్తీ తిరిగేవాళ్ళకి, చెట్ల మధ్య టార్చిలైటు కనబడితే అది ఫొటోలు తీసేవాడిదో దుంగలు మోసేవాడిదో దూరం నుంచి ఎలా తెలుస్తుంది? ఇంకో సంగతి, టెంటు మొదటిసారి వేసినప్పుడు ఏదో ఒకటి తప్పకుండా చెడుతుంది. ఇంటికి అరగంట దూరంలో చెడితే అర్ధరాత్రయినా లేచి వచ్చేయొచ్చు.

తోటలో కూడా అడవి అంచున ఉన్న కయ్య వద్దు. రోడ్డుకి, మోటారు షెడ్డుకి దగ్గరగా ఉన్న వైపు చూసుకో. పలమనేరు, కుప్పం వైపే కాదు, శేషాచలం అంచు ఊళ్ళలో కూడా ఏనుగులు తోటల్లోకి దిగుతున్నాయి. ఈ వారం అటు వచ్చాయా అని కాపలా మనిషిని అడుగు. వచ్చాయంటే ఆ వారం మానుకో, మారు మాట్లాడొద్దు. తర్వాత ఇంకో మాట అడుగు: అడవిపందుల కోసం చుట్టుపక్కల ఎవరైనా కరెంటు తీగ లాగారా? ఇలాంటి తీగలు చట్టవిరుద్ధం, అయినా కొందరు లాగుతారు, తీగ మోకాలికన్నా కిందనే ఉంటుంది, చీకట్లో కనబడదు. పాము కన్నా దానికే ఎక్కువ భయపడాలి. పగలుండగానే రాత్రి నడిచే దారి ఒకటి అనుకుని, ఆ దారి తప్ప ఇంకెటూ అడుగు వేయకు. మూడోది డ్రిప్పు పైపులు. టెంటు మేకు దిగేది చెట్ల వరుసకి దగ్గరగా అయితే మట్టి కింద ఉన్న పైపుకి బొక్క పడుతుంది. రెండు వరుసల నడిమి చాలులో వేసుకో.

నాలుగు గంటలకల్లా చేరాలి. వంకలో, వంక పక్కన ఉన్న ఇసుకలో టెంటు వేయకు. ఇసుక మెత్తగా ఉందని ఆశపడతారు, పైన కొండల్లో వాన పడితే కింద చినుకు లేకపోయినా నీళ్ళు వచ్చేస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో ఏరు పారినట్టు పారిన నీళ్ళు నీకూ గుర్తుండాలి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ మూడు నెలలూ ఎత్తుగడ్డ మీద తప్ప వద్దు. తల పైన ఎండుకొమ్మ ఉందేమో ఒకసారి చూసుకో.

ఇద్దరికి ముగ్గురు పట్టే టెంటు కొనుక్కో. ఇద్దరి టెంటు అని రాసినదాంట్లో ఇద్దరు పడుకుంటే కెమెరా సంచికి చోటుండదు. కింద పరిచే టార్పాలిన్ టెంటు అడుగు కన్నా అన్ని వైపులా నాలుగు వేళ్ళు తక్కువ ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిందంటే పైనుంచి జారే వాన నీళ్ళన్నీ దాని మీద పడి టెంటు అడుగుకే చేరతాయి. వాన టెంటులోకి వచ్చిందని అందరూ గుడ్డని తిడతారు, తప్పు ఎక్కువసార్లు ఈ పట్టాది. మేకు నిటారుగా దింపకు. తల టెంటుకి దూరంగా వాలి ఉండాలి, తాడు దాన్ని లాగే దిక్కుకి ఎదురుగా. బండ నేల మీద మేకు దిగదు, అక్కడ జానెడు పుల్లకి తాడు ముడేసి, పుల్ల మీద తలకాయంత రాళ్ళు రెండు పెడితే చాలు. రాత్రి కిటికీలన్నీ మూసేసుకోకు. ఇద్దరి ఊపిరి తేమ పొద్దునకి గుడ్డ లోపలి వైపు నీళ్ళయి కారుతుంది, పక్క తడుస్తుంది.

స్లీపింగ్ బ్యాగ్ మీద డబ్బు పోయకు. తిరుపతి వేడికి మార్చి దాటాక దుప్పటి చాలు. పెట్టేదేదో కింద వేసే ఫోమ్ చాప మీద పెట్టు, ఒంటి వేడిని లాగేసేది నేల. డిసెంబరులో హార్సిలీ హిల్స్‌కి పోయేటప్పుడు మాత్రం మందం రగ్గు కావాలి, అది నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తు.

నీళ్ళు మనిషికి రోజుకి ఐదు లీటర్లు, తాగడానికీ వంటకీ కలిపి. తిండికి రాత్రికి పులిహోర కట్టించుకో. చింతపండు, నూనె ఉన్నందువల్ల మర్నాటి పొద్దున దాకా నిలుస్తుంది. పెరుగన్నం ఎండకి పులిసిపోతుంది. ఉడికించిన చెనిక్కాయలు, అరటిపళ్ళు సరిపోతాయి. టీ పెట్టుకోవాలంటే చిన్న గ్యాస్ స్టవ్, అదీ టెంటు బయట. లోపల వెలిగిస్తే వాసన లేని విషవాయువు పేరుకుని నిద్రలోనే ప్రాణం పోతుంది. కట్టెల మంట వద్దు. ఫిబ్రవరి నుంచి మామిడి ఆకులు గలగలలాడేలా ఎండి ఉంటాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. బూట్లు టెంటు లోపల పెట్టుకో, పొద్దున దులిపి తొడుక్కో, తేలు దూరేది వాటిలోకే. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ వద్దు. కాలు కదపకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, పెద్దాసుపత్రికి పోవడమే. ఫోన్ సిగ్నల్ ఎక్కడ తగులుతుందో వెలుతురుండగానే చూసి పెట్టుకోవాలనేది అందుకే.

ఇక ఫొటోలు. చంద్రగిరి వైపు నుంచి చూస్తే కొండలు ఉత్తరాన ఉంటాయి, ఎర్రటి బండ గోడ దక్షిణానికి తిరిగి ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు నైరుతి వైపు దిగుతాడు కాబట్టి సాయంత్రం వెలుతురు ఆ గోడ మీద ఏటవాలుగా పడుతుంది. బండ పొరలన్నీ ఒక్కొక్కటిగా లేచి కనబడతాయి, చివరి పది నిమిషాలు రాయి నిప్పు రంగుకి తిరుగుతుంది. మే, జూన్‌లో సూర్యుడు వాయవ్యానికి జరిగిపోతాడు, అప్పుడు సాయంత్రం అదే గోడ నీడలో చప్పగా ఉంటుంది. చాలామంది వేసవి సెలవుల్లో తీసి, కొండ బాగా రాలేదంటారు. చెడింది కొండ కాదు, నెల. లెన్సు రంధ్రం ఎఫ్/8, వెలుతురుకి కెమెరా స్పందించే అంకె ఐఎస్‌ఓ 100, ట్రైపాడ్. మామిడి కొమ్మ ఒకటి ముందు పెట్టుకుంటే దూరం తెలుస్తుంది.

రాత్రి నక్షత్రాలకి అమావాస్యకి దగ్గరున్న శనివారం చూసుకో. లెక్క సులువు. 500ని లెన్సు మిల్లీమీటర్లతో భాగిస్తే, నక్షత్రం గీతలా సాగకుండా షట్టర్ తెరిచి ఉంచగల సెకన్లు వస్తాయి. 24 మిల్లీమీటర్లకి ఇరవై సెకన్లు. నీది క్రాప్ సెన్సరు (పాత ఫిల్ము సైజుకన్నా చిన్నది) కాబట్టి లెన్సు అంకెని ముందు ఒకటిన్నరతో గుణించుకో. ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 3200 నుంచి మొదలుపెట్టు. ఫోకస్ దగ్గరే అందరూ పోగొట్టుకుంటారు. లెన్సు మీద అనంతం గుర్తు దాకా తిప్పితే సరిపోదు. కెమెరా వెనక తెర మీద లైవ్ వ్యూలో కాంతి ఎక్కువున్న నక్షత్రాన్ని పదింతలు పెద్దది చేసి, అది సూదిమొన అయ్యేదాకా మెల్లగా తిప్పి, రింగు మీద టేపు ముక్క అంటించేయి. పాలపుంత నడిమి భాగం మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఆగ్నేయం, దక్షిణం వైపు కనబడుతుంది. తిరుపతి ఊరి వెలుతురు తూర్పున పొగలా ఉంటుంది, కెమెరా దానికి పక్కగా తిప్పుకో.

ఇలా రెండు మూడు రాత్రులు తోటలో గడిచాక తలకోనకి పో. అక్కడ టెంటు ఆలోచన వద్దు, ప్రభుత్వ వసతి గదులు ముందే బుక్ చేసుకుని ఉండు. జలపాతం సుమారు 270 అడుగులు. వానలు తగ్గే డిసెంబరు చివర, జనవరి సరైన కాలం. నీళ్ళ మీద ఎండ పడకముందే, లేదా మబ్బు పట్టిన పూట తీయాలి. ఎండ పడితే తెల్లటి నీరు కాలిపోయినట్టు వస్తుంది, దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. వెలుతురుని ఆరుసార్లు సగం చేసే నల్లద్దం, ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెడితే అరవయ్యో వంతు సెకను ఒక సెకను అవుతుంది. కానీ ఒక సెకనులో నీళ్ళు పాలనురుగులాగా కరిగిపోతాయి. నాకు నచ్చేది సెకనులో నాలుగో వంతు, ధార ధారగా తెలుస్తుంది. పోలరైజర్ అనే ఫిల్టర్ తిప్పితే తడి బండ మీది మెరుపు పోయి నాచు పచ్చదనం బయటపడుతుంది. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపొద్దు, వణుకుతుంది. రెండు సెకన్ల టైమర్ వాడు, వణుకు సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయి. తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది, ఫొటోకి ఒకసారి తుడవాలి. నాచు పట్టిన బండ మీద కెమెరా పట్టుకుని నడవడమంటే కాలు విరగ్గొట్టుకోవడమే. మడుగులో దిగకు, లోతు పైకి తెలియదు. బండల సందుల్లో బంగారు బల్లి కనబడితే అదృష్టం. ఫ్లాష్ కొట్టకు, రాయి తిప్పకు.

పులికాట్‌కి నవంబరు నుంచి ఫిబ్రవరిలోగా పో, పక్షుల కాలం అది. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మీదుగా తూర్పుకి పోతుంది. చలికాలంలో పొద్దుటి సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు కనుక రోడ్డుకి ఉత్తరం వైపున్న ఫ్లెమింగోల్ని తీయి, వెలుతురు నీ వీపు వెనక పడుతుంది. ఎగిరే పక్షికి షట్టర్ వేగం సెకనులో 1600వ వంతుకి తగ్గొద్దు. కారు దిగకుండా కిటికీ మీద బియ్యం సంచి ఆనించి తీస్తే అవి బెదరవు. డ్రోన్ అక్కడా వద్దు, తిరుమల చుట్టుపక్కలా వద్దు.

కారులో ఏసీ వేసుకుని పోయి తటాలున కెమెరా బయటికి తీస్తే లెన్సు మసకబారుతుంది. సంచిలోనే అరగంట వదిలేయి.

ఆదివారం ఇంటికి వచ్చాక ఎంత నిద్ర వచ్చినా టెంటుని మేడ మీద తీగ మీద ఆరేయి. తడిది మూట కట్టి వారం పెడితే బూజు పట్టి, పూత జిగటగా ఊడి వస్తుంది, ఆ వాసన ఇక పోదు. మేకులు లెక్కపెట్టి సంచిలో వేయి. బయల్దేరేముందు ఏ తోట, ఎవరితో, ఎప్పుడు తిరిగొస్తావో అక్కకి చెప్పి వెళ్ళు.

మీ మామ
తిరుపతి