బుజ్జికి, ఎల్లిగడ్డ రోల్స్ గురించి

హనుమకొండ,
ఆదివారం పొద్దున

చి. బుజ్జికి అత్తమ్మ దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఈ నెలాఖరుకు మీ నాయిన రిటైర్మెంట్ రోజు బయటి నుంచి ఏమీ తెప్పించవట. నలభై గార్లిక్ బ్రెడ్ రోల్స్, పిండి కలపడం దగ్గర్నుంచి అన్నీ ఇంట్లోనే చేస్తావట. కొత్త ఓటీజీ, అదే కరెంటు ఓవెన్, కూడా కొన్నావట. ముందు నవ్వొచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చూసుకుంటూ పొంగబెట్టే పిల్ల బ్రెడ్డు చేస్తుందా అనుకున్నా. తర్వాత మీ మామయ్యను లేపి మరీ చెప్పుకున్నా, మా బుజ్జి చూడండి అని. ఆ తర్వాత ఇగ నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తమ్మా, సరే అత్తమ్మా" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ప్లగ్గు. ఓటీజీ వెనక వాట్లు ఎన్నో రాసి ఉంటుంది, చూడు. 1,500 అనుకో. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, దాంతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. నువ్వు ఫోన్ చార్జర్ పెట్టుకునే సాకెట్ 6 ఆంపియర్లది. గీజర్‌కి ఉంటుందే, 16 ఆంపియర్ల పెద్దది, దానికే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట ఎత్తకు. మేము బాలసముద్రంలో అద్దెకున్నప్పుడు ఒకే బోర్డుకి ఇస్త్రీపెట్టె, ఓవెన్ రెండూ పెట్టాను. బోర్డు కరిగి గోడకి అంటుకుంది. ముప్పై ఏళ్లు పిల్లలకి భాగహారాలు చెప్పిన దాన్ని, ఆ ఒక్క భాగహారం నా ఇంట్లో చేసుకోలేదు.

కొలతలు రాసుకో. పన్నెండు రోల్స్‌కి మైదా 300 గ్రాములు, పాలు 200 మిల్లీలీటర్లు, చక్కెర 25 గ్రాములు, వెన్న 40 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక టీస్పూను నిండుగా. ఉప్పు ఒక టీస్పూను, కానీ నువ్వు వాడేది అమూల్ బటరైతే దాంట్లో ఉప్పు ఉంటుంది, ముప్పావు చాలు. తూకం మిషను లేకపోతే కొనుక్కో, గ్లాసులతో కొలవకు. ఈస్ట్ డబ్బా మీద తారీఖు చూడు.

ఆ మైదాలోంచి 20 గ్రాములు, ఆ పాలలోంచి 100 మిల్లీలీటర్లు ముందే తీసి, సన్న సెగ మీద కలుపుతూ జావ కాచుకో. గరిటె గీస్తే గిన్నె అడుగు కనపడేంత చిక్కబడగానే దించు. ఉడికిన పిండి నీళ్లను పట్టుకొని వదలదు, అందుకే రోల్స్ మర్నాటికి కూడా మెత్తగా ఉంటాయి. ఈ పద్ధతి జపాన్, చైనా వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందట. మనకు అంబలి కాచడం వచ్చు గానీ దాన్ని మైదాలో కలపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు చూడు! జావ చల్లారాకే పిండిలో వెయ్యి. వేడివేడిది వేశావా, 60 డిగ్రీలకి ఈస్ట్ చచ్చి ఊరుకుంటుంది. మిగతా పాలు కూడా చంటిపిల్లకు పోసే నీళ్లంత గోరువెచ్చగా ఉండాలి, అంతకంటే వద్దు. నిజానికి ఈ ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన పాలైనా నడుస్తాయి.

పిసకడం చేత్తో అయితే పదిహేను నిమిషాలు. వెన్న చివర్లో వెయ్యి. మొదట చేతికి అంటుకొని విసుగొస్తుంది, పొడి మైదా చల్లబుద్ధేస్తుంది. చల్లకు. చిన్న ముక్క తీసి రెండు చేతులతో సాగదీస్తే పతంగి కాగితంలా పల్చబడి, అవతలి వెలుతురు కనబడాలి. అప్పుడు చాలు.

ఇక పొంగబెట్టడం. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదువు బిడ్డా.

1987లో మేము కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నాం. మా నాయిన లోకో షెడ్డులో పని. పక్క క్వార్టర్లో ఆంగ్లో-ఇండియన్ కుటుంబం, ఆయన గార్డు. ఆంటీ దగ్గర గుండ్రటి అల్యూమినియం ఓవెన్ ఉండేది, మూత మీద అద్దం బిళ్లతో. క్రిస్మస్ ముందు ఆ ఇంటి కిటికీ కింద నిలబడితే కడుపు నిండేది. బి.ఇడి. అయిపోయి ఖాళీగా ఉన్నానని నాకు బన్ను చేయడం నేర్పింది. డిసెంబరులో, కూపన్ పుస్తకం అట్ట వెనక తన చేత్తో రాసిచ్చింది. దాంట్లో ఉంది, తడిబట్ట కప్పి రెండు గంటలు ఉంచాలని. చలికాలమంతా అట్లాగే చేశాను. దూదిలా వచ్చేవి.

మేలో మీ నాయినకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఢిల్లీలో. మా ఇంట్లోంచి బల్లార్షా దాటి వెళ్లిన వాడు లేడు అప్పటికి. రాత్రికి వరంగల్‌లో రైలెక్కాలి. అమ్మ నాలుగు రోజుల ముందే సకినాలు చేసి డబ్బా నింపింది. నాకేమో పంతం. తమ్ముడికి నా చేతి బన్నులు కట్టియ్యాలి, రైల్లో అందరి ముందు విప్పి తినాలి. ఆంటీ ఓవెన్ అడిగి తెచ్చుకున్నా. మధ్యాహ్నం పన్నెండింటికి పిండి కలిపి, తడిబట్ట కప్పి, వంటింట్లో పెట్టి, రెండు గంటలు కదా అని వాడి చొక్కాలు ఇస్త్రీ చేయించడానికి బజారుకు పోయా. బయట నలభై రెండు డిగ్రీలు. రేకుల వంటిల్లు అది, లోపల ఎంతుందో నువ్వే ఊహించుకో.

తిరిగొచ్చేసరికి బట్ట గిన్నె నడుమకి దిగిపోయి ఉంది. పొంగి, బట్టకు అతుక్కొని, మళ్లీ కూలిపోయింది. బట్ట లాగితే తీగలు తీగలుగా వచ్చింది, మీద బుడగలు. గుప్పున కల్లు వాసన. మీ తాతయ్య లోపలికి వస్తూ "ఎవరే ముంత తెచ్చింది?" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

అప్పుడైనా ఊరుకోవాల్సింది. ఆంటీని అడిగినా చెప్పేది. అడగలేదు, నామోషీ. జిగురుగా ఉందని రెండు గుప్పిళ్ల మైదా వేసి మళ్లీ పిసికాను. పొంగి కూలిన పిండిలో బిగువు పోయి ఉంటుంది, ఈస్ట్ తినాల్సిన చక్కెర తినేసి ఉంటుంది. దానికి పచ్చిపిండి వేస్తే ఇంకా బరువెక్కుతుంది తప్ప తిరిగి లేవదు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. కాలిస్తే ఎంతసేపటికీ రంగు రాలేదు. రంగు తేవడానికి చక్కెర మిగిలి ఉంటేగా. తెల్లగా, ముడతలు పడి, గోడకేసి కొడితే గోడకే దెబ్బ తగిలేటట్టు ఉన్నాయి. అమ్మ చూసి "సకినాలున్నయి గదనే, వాడి సంచి బరువెందుకు" అంది. అయినా పేపర్లో చుట్టి వాడి సంచిలో పెట్టా. వాడు "అక్కా, మంచిగున్నయా?" అనడిగితే "మస్తున్నయి" అన్నా. రైలు కదిలాక అమ్మ కొంగు పట్టుకొని ఏడ్చింది. నేను బన్నుల కోసం ఏడ్చానో, వాడి కోసమో ఈనాటికీ తెలియదు.

వాడు ఉత్తరాల్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మా పెద్దదాని పెళ్లిలో, అంటే ఎన్నేళ్లకో లెక్కేసుకో, విస్తట్లో బన్ను చూసి చెప్పాడు. ఎదుటి బెర్తులో ఒక జవాను ఉన్నాడట, వీడు మర్యాదకు ఒకటిచ్చాడట. ఆయన కొరికి, వీడి మొహం చూసి, ఏమీ అనకుండా నాగ్‌పూర్‌లో దిగి రెండు చాయ్‌లు తెచ్చాడట. ఇద్దరూ ముంచుకు తిన్నారట. పన్నెండూ తిన్నామక్కా అన్నాడు. అబద్ధమేమో. మీ నాయిన నా దగ్గర అబద్ధమాడితే ఎడమ చెవి గోక్కుంటాడు, ఆ రోజు గోక్కోలేదు మరి.

అందుకే చెబుతున్నా. ఇంటర్నెట్లో గంట, గంటన్నర అని చెప్పేవాళ్లు ఎక్కడి వాళ్లో ఏమో, వాళ్ల వంటింట్లో ఇరవై డిగ్రీలు ఉండొచ్చు. పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ జోరు ఇంచుమించు రెట్టింపవుతుంది. మియాపూర్‌లో మే నెల మధ్యాహ్నం నీ పిండికి అరగంట, నలభై నిమిషాలు చాలు. ముద్ద రెట్టింపయిందా చూడు. వేలికి పిండి అద్దుకొని గుచ్చు. గుంట వెంటనే నిండిపోతే ఇంకా కావాలి, మెల్లగా సగం నిండి ఆగితే అయిపోయింది, అసలు నిండక కిందికి జారితే నా బన్నుల దారిలో ఉన్నట్టు. అట్లా అయినా ఏడవకు, పొడి మైదా కలపకు. చేత్తో పల్చగా తట్టి, పెనం మీద రొట్టెల్లా కాల్చి, ఎల్లిగడ్డ వెన్న పూసి పిల్లలకు పెట్టు. ఎవరికీ చెప్పకపోతే అదే నీ వంట అనుకుంటారు.

నలభై అన్నావు కదా, నీ ఓటీజీలో ఒకసారికి పన్నెండే పడతాయి. మూడు విడతలు, ముప్పై ఆరు. మిగతా నాలుగూ మీ మామయ్యకు షుగరుంది కాబట్టి ఆయన తినాల్సినవి కొట్టేసినట్టు లెక్క. కానీ మూడు విడతల పిండీ ఒకేసారి కలిపి బయట పెట్టకు. మొదటి ట్రే కాలేలోపు మూడోది కల్లు అవుతుంది. రెండో, మూడో ముద్దలు కలపగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు, ఒక్కోటీ గంట ముందు తియ్యి. ఉండలు చేసి ట్రేలో పేర్చాక ఇంకో అరగంట పొంగాలి, ఒకదానికొకటి కొంచెం తగిలేదాకా.

ఎల్లిగడ్డ పిండిలో పచ్చిగా కలపకు. నలిపినప్పుడు ఘాటొస్తుందే, ఆ పదార్థం ఈస్ట్‌ను కూడా అణుస్తుంది. సన్న సెగ మీద వెన్నలో సన్నగా తరిగిన రెబ్బలు వేసి, పచ్చివాసన పోయి మెత్తబడగానే దించు. ఎర్రబడితే చేదు. కాల్చే ముందు రోల్స్ మీద వడగట్టిన వెన్న మాత్రమే పుయ్యి, ముక్కలు పైన ఉంటే ఓవెన్లో మాడతాయి. ముక్కలూ కొత్తిమీరా బయటికి తీశాక పూసే వెన్నలో వెయ్యి. ఆ వెన్న ముందురోజే చేసి గట్టు మీద వదిలెయ్యకు. నూనెలోనో వెన్నలోనో మునిగిన ఎల్లిగడ్డ బయట ఉంటే గాలి తగలని చోట పెరిగే విషం పుట్టొచ్చు, దానికి వాసన కూడా ఉండదు. ఆ రోజుది ఆ రోజే, మిగిలితే ఫ్రిజ్‌లో.

ఒక ఆరు రోల్స్‌లో మాత్రం మా అమ్మ ఎల్లిపాయ కారం పెట్టు. ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ, ఉప్పు, జీలకర్ర, రోట్లో కచ్చాపచ్చాగా. వెన్నలో కలిపి ఉండ నడుమ అర చెంచా. మిక్సీలో వేస్తే మెత్తగా అయిపోయి ఉత్త నీరు కారుతుంది. అమ్మ రోలు నా దగ్గరే ఉంది, బస్సులో తేలేను. కారం నేను నూరి పంపిస్తా.

ఓవెన్ పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి 180 డిగ్రీల మీద పద్దెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. పైన తొందరగా రంగొస్తే రేకు కప్పు. తియ్యగానే వెన్న పూసి పొడిబట్ట కప్పితే పైపొర మెత్తబడుతుంది. ట్రే తీసేటప్పుడు ఆ గుడ్డ మడిచి పట్టుకోవడాలు వద్దు, గ్లౌజు కొనుక్కో. నా మోచేతి మీద మచ్చ చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి కదా, పులి గోకిందని చెప్పేదాన్ని. ఓవెన్ కడ్డీ అది.

ముందు వచ్చే ఆదివారం ఒక్క పన్నెండు చేసి చూసుకో, రిటైర్మెంట్ రోజే మొదటిసారి చేయకు. ప్లగ్గు ఫోటో తీసి నాకు పంపు, మీ మామయ్యకు చూపించాకే స్విచ్ వెయ్యి.

మీ నాయినకు మాత్రం ముందే చెప్పకు. చెప్పావంటే ఆ రోజు పొద్దుగాల నుంచే చాయ్ గ్లాసు పట్టుకొని కూర్చుంటాడు.

మీ అత్తమ్మ