సర్జన్‌ను మెడికల్ డైరెక్టర్‌ చేశాక పనులు ముందుకు కదలకపోతే

మీ 150 పడకల ఆసుపత్రిలో సీనియర్ సర్జన్ గారికి మెడికల్ డైరెక్టర్ పదవి ఇచ్చి ఆర్నెల్లయినా డిశ్చార్జీల ఆలస్యం తగ్గలేదని, సీఓఓతో (రోజువారీ నిర్వహణ చూసే అధికారితో) ఆయనకు పొసగడం లేదని రాశారు. లోపం ఆయనలో వెతక్కండి. ఓపీ, ఆపరేషన్లు ఏమాత్రం తగ్గించకుండా పదవి ఇచ్చారు కదా, ముందు అది సరిచేయండి. వారంలో రెండు పూటలు ఓపీ ఆపి, కేసుల మీద తగ్గే ఆదాయాన్ని స్థిర జీతంలో కలపండి. ఇది కాగితం మీద లేకపోతే నెల తిరక్కుండానే ఆ పూటలు మళ్లీ కేసులతో నిండిపోతాయి.

తర్వాత డిశ్చార్జి ఆలస్యం బాధ్యతను డైరెక్టర్, సీఓఓ ఇద్దరి పేరునా పెట్టండి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్‌నీ అడ్మినిస్ట్రేటర్‌నీ జంటగా నాయకత్వంలో ఉంచుతారు. రెండు వారాల పాటు ప్రతి డిశ్చార్జికీ ఐదు సమయాలు రాయించండి: డాక్టర్ పంపించమన్నది, డిశ్చార్జి సమ్మరీ (చికిత్స వివరాల పత్రం) పూర్తయింది, మిగిలిన మందులు ఫార్మసీకి చేరింది, టీపీఏకి (బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే సంస్థకి) ఫైనల్ బిల్లు వెళ్లింది, పడక ఖాళీ అయింది. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఆదేశాల ప్రకారం నగదు రహిత చికిత్సలో ఆసుపత్రి డిశ్చార్జి అనుమతి అడిగిన 3 గంటల్లో బీమా సంస్థ తేల్చాలి. బిల్లు పంపేలోపు జరిగే జాప్యం మాత్రం ఆసుపత్రిదే. అది ఎక్కువగా సమ్మరీ దగ్గరే ఉంటుంది. ముందురోజు సాయంత్రమే డ్యూటీ డాక్టర్ దాన్ని రాసిపెడితే, రౌండ్స్‌లో చిన్న మార్పులు, సంతకం మిగులుతాయి.

ఈ సమయాల మీద ఇద్దరి సమీక్ష ఉదయం 7:30కి పెట్టండి, 20 నిమిషాలు చాలు. మధ్యాహ్నం పెట్టకండి, ఆపరేషన్లు ఎప్పుడు ముగుస్తాయో సర్జన్లకే తెలియదు.