కలంకారీ గీత గుడ్డమీద పాకిపోతుంటే

మేళాలో శ్రీకాళహస్తి కళాకారులు గీసే పద్ధతి విని ఇంట్లో ప్రయత్నిస్తే నల్లరంగు పాకిపోతోందన్నారు కదండీ. గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టానన్నారు గానీ పాల మాటే రాయలేదు. లోపం అక్కడే ఉందనుకుంటున్నాను. ముందు గుడ్డలోని గంజి పూర్తిగా పోయేలా ఉతకండి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదె పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేయండి. పాలలోని కొవ్వే రంగును పాకనివ్వదు, అందుకే వెన్న తీసిన పాలు వద్దు. కరక్కాయ మాత్రం మానకండి. బెల్లంతో పులిసిన ఇనుప నీళ్లు దాంతో కలిస్తేనే అంత చక్కటి నలుపు తేలుతుంది! వెదురు కలానికి చుట్టిన ఉన్నిని మెల్లగా నొక్కండి, గట్టిగా నొక్కితే రంగంతా ఒక్కసారే దిగిపోతుంది. చింత బొగ్గుతో ముందే బొమ్మ వేసుకుంటే టెన్షన్ ఉండదు. చిన్న ముక్కమీద చూసి ఎలా వచ్చిందో ఫొటో పెట్టండి.