బొమ్మల పుస్తకం రాయబోతున్న మిత్రునికి

మిత్రునికి నమస్కారం.

మీ ఉత్తరమూ, దానితో పంపిన కథా అందాయి. వానలో తడిసిన మేకపిల్లను, దాన్ని చీరకొంగుతో తుడిచే నాయనమ్మను బొమ్మలుగా వేయించాలని పక్కన సూచించారు. మళ్లీ ఆ తడినీ, ఆ కొంగునూ వాక్యాల్లో పూర్తిగా వర్ణించారు. ఇక చిత్రకారుడికి మిగిలిందేమిటి? మన పత్రికల పిల్లల కథల్లో బొమ్మ ఎక్కువగా కథకు తోడుగానే ఉంటూ వచ్చింది కనుక మీకు ఈ అలవాటు రావడం సహజమే. దీన్ని వదిలించుకోవడానికి కొంతకాలం ఇతర దేశాల బొమ్మల పుస్తకాలను, ముఖ్యంగా మాటలే లేనివాటిని, చూడమని నా సలహా.

కొరియా చిత్రకారిణి సూజీ లీ 2008లో వెలువరించిన ‘వేవ్’తో మొదలుపెట్టండి. సముద్రపు ఒడ్డున ఒక పాప, ఆమె వెనుక కొన్ని పక్షులు, ఎదురుగా అల; కథలో ఉన్నది దాదాపు ఇంతే. నలుపు తెలుపులకు తోడు నీలం ఒక్కటే రంగు. పాప ఎడమ పేజీలో, సముద్రం కుడి పేజీలో ఉంటాయి. రెండు పేజీలూ కలిసే మడత దగ్గర కనిపించని గోడ ఉన్నట్టు అల ఆగిపోతుంది. పాప ధైర్యం చేసి ఆ మడత దాటి నీళ్లలోకి వెళ్తుంది; తరువాత అలే మడత దాటి వచ్చి ఆమెను ముంచెత్తుతుంది. నీరు వెనక్కి తగ్గాక చూస్తే పాప గౌనూ, ఆకాశమూ నీలంగా మారి ఉంటాయి. మామూలుగా చిత్రకారులు ముఖాలూ చేతులూ పడకుండా తప్పించుకునే ఆ మడతను ఈమె కథకే ఆధారం చేసుకుంది. ‘మిర్రర్’లో అదే మడత అద్దమవుతుంది, ‘షాడో’లో పుస్తకాన్ని అడ్డంగా తిప్పి పట్టుకుంటే వస్తువులకూ వాటి నీడలకూ మధ్య గీత అవుతుంది. 2022లో ఈమెకు చిత్రకారుల విభాగంలో, పిల్లల పుస్తకాల రంగంలో ఇచ్చే అంతర్జాతీయ పురస్కారమైన హాన్స్ క్రిస్టియన్ అండర్సన్ పురస్కారం లభించింది.

మాటలు తీసేయడానికి కారణం కథలోనే ఉండాలి. ఆస్ట్రేలియాకు చెందిన షాన్ టాన్ 2006లో ప్రచురించిన ‘ది అరైవల్’లో ఒక మనిషి భార్యాబిడ్డలను వదిలి పరాయి నగరానికి వలస వెళ్తాడు. ఆ నగరంలోని బోర్డుల మీద ఉన్నది చిత్రకారుడు కల్పించిన లిపి. దాన్ని ఆ మనిషీ చదవలేడు, మనమూ చదవలేము. గల్ఫ్‌కు వెళ్లినవారున్న కరీంనగర్, నిజామాబాద్ కుటుంబాలకు ఈ పుస్తకాన్ని ఎవరూ వివరించనక్కరలేదనుకుంటాను. పిల్లల పుస్తకాల అంతర్జాతీయ సంస్థ ఇబ్బీ (IBBY), వలసదారుల పడవలు చేరే ఇటలీ ద్వీపం లాంపెదూసాలోని పిల్లల కోసం 2012లో మాటల్లేని పుస్తకాల సేకరణ తలపెట్టినది కూడా, ఏ భాష పిల్లలైనా ఒకేచోట కూర్చుని చూడగలరనే.

అనువాదాల విషయానికి వస్తే, మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోకి తెచ్చిన పిల్లల పుస్తకాలు పాత పుస్తకాల దుకాణాల్లో కనిపిస్తే వదలకండి. మంచు ఎరుగని పిల్లలకు మంచును ఆ బొమ్మలే పరిచయం చేశాయి, అనువాదకుడు ఆగి వివరణ ఇవ్వనవసరం లేకపోయింది. ఈనాటివి కావాలంటే, పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో అనేక భాషల కథలు తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. అనువాదాల నాణ్యత అన్నిటా ఒకేలా ఉండదు. పైకి చదివినప్పుడు నాలుక తడబడే వాక్యం చూపించి, బొమ్మకు సరిపోయింది కదా అని ఎవరైనా సమర్థిస్తే ఒప్పుకోకండి.

ఇక మీ కథ. ఎనిమిది కాగితాలను సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే 32 పేజీల డమ్మీ, అంటే నమూనా పుస్తకం, తయారవుతుంది. ఇలాంటి పుస్తకాలకు ఎక్కువగా వాడే కొలత అదే. ఏ వాక్యం ఏ పేజీలో పడుతుందో, పేజీ తిప్పేముందు పిల్లవాడు దేనికోసం ఎదురుచూస్తాడో అందులో పెన్సిల్‌తో రాయండి. మేకపిల్ల తప్పిపోయిన సంగతి ఇప్పుడు వాక్యం మధ్యలో ఉంది. దాన్ని పేజీ తిప్పిన తరువాతకు జరపండి. నాయనమ్మ తుడిచే పేజీలో మాటలు వద్దు. ఆ డమ్మీనే నాకు పంపండి, శుభ్రంగా తిరగరాసిన ప్రతి అక్కరలేదు.

శుభాకాంక్షలతో.