ఊదారంగు చిక్కుళ్లు ఉడికితే ఆకుపచ్చగా ఎందుకవుతాయి?

విజయనగరంలో పెరటి పందిరికి కాసిన ఊదా చిక్కుళ్లు కూరలో పచ్చబడ్డాయేమని ఒకరు అడిగారు. విత్తనం తప్పేమీ కాదు. ఆ ఊదా రంగు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థానిది. నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. అది పోగానే కాయలో ఎలాగూ ఉన్న పత్రహరితం బయటపడుతుంది. వంకాయ తొక్కలోనూ ఇదే వర్గం రంగు, అందుకే ఉడికితే వెలిసిపోతుంది. నీళ్లు పోయకుండా నూనెలో త్వరగా వేయిస్తే కొంత నిలుస్తుంది. చింతపండు పులుపు తగిలితే ఎరుపు వైపు తిరుగుతుంది; వంట సోడా వేస్తే నీలిగా మారుతుంది, చూడ్డానికి బాగోదు. బీట్‌రూట్ సంగతి వేరు, దానిది బీటాలైన్ అనే వేరే రంగు పదార్థం. కాయకు రంగు బాగా పట్టాలంటే పందిరికి ఎండ తగలాలి. జూలైలో విత్తితే పగటి పొద్దు తగ్గాక పూత, సంక్రాంతి వేళకి కాపు. రుచికైతే ఆవ పెట్టిన కూరకే నా ఓటు, రంగు పోతే పోనీ.