వినతిపత్రం ఇచ్చే ముందు: స్వాతికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి స్వాతికి,

మీ మహిళా సంఘం తయారు చేసిన వినతిపత్రం చదివాను. బెల్టు షాపులు మూయించాలి, మద్యం దుకాణాలు తగ్గించాలి, మండలానికో డీ-అడిక్షన్ సెంటర్ పెట్టాలి, తాగి చనిపోయినవాళ్ల ఇళ్లకు ఆర్థిక సాయం చేయాలి, బడి దారిలో లైట్లు వేయాలి... అన్నీ న్యాయమైన కోరికలే. కానీ సచివాలయంలో ఇన్నేళ్లు ఫైళ్లు నడిపినవాడిగా చెప్తున్నాను, ఇలాంటి కాగితం వస్తే సెక్షన్‌లో చేసే పని ఒకటే. ఒక్కో కోరిక ఒక్కో శాఖది కాబట్టి నకళ్లు తీయించి, 'తగు చర్య నిమిత్తం' అని రాసి తలా ఒకటి పంపేస్తారు. మా బల్ల ఖాళీ అవుతుంది, మీ కాగితం ఫలానా శాఖకు పంపామంటూ మీకు ఓ ఎండార్స్‌మెంట్ వస్తుంది. అక్కడితో సరి.

కాబట్టి కోరిక ఒక్కటే ఉండాలి. అది కూడా ఒక అధికారి సంతకంతో తేలేదిగా ఉండాలి. 'బెల్టు షాపులు నిషేధించండి' అంటే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: అవి ఎప్పుడూ చట్టవిరుద్ధమే, దాడులు జరుగుతూనే ఉన్నాయి అని. బెల్టు షాపుకి సరుకు ఎక్కడి నుంచి వస్తోంది? లైసెన్సు ఉన్న దుకాణం నుంచే కదా. ఎక్సైజ్ లేబుళ్లు పెట్టిందే సీసా ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో తెలుసుకోవడానికి. అందుకని ఇలా అడుగు: 'బెల్టు షాపులో పట్టుబడిన సీసా ఏ దుకాణానిదో ఆ దుకాణం లైసెన్సు మీద చర్య తీసుకోవాలి, దాన్ని కచ్చితంగా అమలు చేసేలా లైసెన్సు షరతుల్లో రాయాలి.' ఆబ్కారీ శాఖ దీన్ని ఇంకో శాఖకు నెట్టలేదు.

ఇక డబ్బు సంగతి. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల ఫీజు, లాటరీలో పేరు రాకపోయినా తిరిగి ఇవ్వరు. అంటే ఒక్క సీసా కూడా అమ్మకముందే ప్రభుత్వానికి 2,600 కోట్ల పైచిలుకు వచ్చింది. అధికారి ఎంత మంచివాడైనా ఆర్థిక శాఖ ఒప్పుకోకుండా ఆ ఆదాయం మీద చెయ్యి వేయలేడు. నువ్వు అడిగేదాని వల్ల ఖజానాకు ఎంత పోతుందో నువ్వే ముందు లెక్క వేసి పెట్టుకో. నీ కోరిక లైసెన్సులు తగ్గించమనడం కాదు కాబట్టి, 'మాకు అభ్యంతరం లేదు' అని ఆర్థిక శాఖ రాయడానికి వీలుంటుంది. ఆ ఒక్క వాక్యం కోసం ఏళ్ల తరబడి కదలని ఫైళ్లు ఎన్ని చూశానో!

నెల్లూరు జిల్లా దూబగుంట గురించి మీ నానమ్మ చెప్పే ఉంటుంది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు తమ బతుకులాంటి పాఠం చదివి, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అందరికీ గుర్తున్నది అంతవరకే. నాకు మాత్రం ఆ ఉద్యమం గెలిచింది సారా అమ్మే హక్కు కోసం ప్రభుత్వం పెట్టే వేలంపాటల దగ్గరే అనిపిస్తుంది. 1992లో వాళ్లు సారా వేలం జరిగే చోటికే వెళ్లి అడ్డుకున్నారు, పాటలు వాయిదా పడ్డాయి. ఊళ్లో కొట్టు మూతపడితే కాంట్రాక్టరుకు నష్టం, వేలం ఆగితే ప్రభుత్వానికి నష్టం. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్న ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం హామీ ఇచ్చారు, 1994 ఎన్నికల్లో గెలిచారు, 1995 జనవరిలో అమల్లోకి తెచ్చారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది, ఖజానా తట్టుకోలేకపోతోందని. వేలం అడ్డుకున్న పట్టుదలలో కొంచెం ఆ ఖజానాకు ప్రత్యామ్నాయం చూపడంలో కూడా ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అది ఆ పేద తల్లుల పని కాదు, నిజమే. వాళ్ల పక్కన నిలబడిన చదువుకున్నవాళ్ల పని.

ఆ పని రాజస్థాన్‌లో జరిగింది. 1990లో మొదలైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘానికి నాయకత్వం వహించినవారిలో ఒకరైన అరుణా రాయ్ ఒకప్పుడు ఐఏఎస్, ఆఫీసు లోపలి సంగతులు తెలిసిన మనిషి. వాళ్లు అవినీతి పోవాలని అడగలేదు. కరువు పనుల మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లుల నకళ్లు ఇవ్వమన్నారు. పేర్లు ఊరందరి ముందూ చదివితే, చనిపోయినవాళ్లు కూడా కూలి తీసుకున్నట్టు తేలేది. 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. అదే సమయంలో లాయర్లు, జర్నలిస్టులు, మాజీ అధికారులు ఢిల్లీలో చట్టం ముసాయిదా పని మొదలుపెట్టారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చేసరికి వాక్యం వాక్యం మీద వాదించగలిగినవాళ్లు బయట తయారుగా ఉన్నారు.

వ్యాపార సంఘాల తీరు వేరు. వాళ్లు రోడ్డెక్కరు. బడ్జెట్‌కు ముందే పేజీన్నర నోట్ పట్టుకుని వస్తారు. అందులో ఏ నిబంధన, ఏ మార్పు, ఎంత ఆదాయం అన్నీ ఉంటాయి. అధికారి బదిలీ అయితే వారంలో కొత్తాయన దగ్గర వాలిపోతారు. సిగరెట్ పెట్టెల మీద 85 శాతం హెచ్చరిక బొమ్మ 2015 ఏప్రిల్‌లో రావాల్సింది. పార్లమెంటు కమిటీ ఒకటి ఆపమంది, ఆ కమిటీలో బీడీ వ్యాపారం ఉన్న ఎంపీ కూడా ఉన్నారు. అది 2016 ఏప్రిల్‌లో గానీ అమలు కాలేదు. ఇది చూసి ఒళ్లు మండుతుంది. అయినా వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది: వాళ్లు ఎప్పుడూ ఖాళీ చేతులతో రారు, ఓడినా మళ్లీ వస్తారు.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. ఉన్నదాన్ని తీయించడం కంటే లేనిదాన్ని సాధించడం కష్టం. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది పాటు కూర్చుంటే, పంజాబ్, యూపీ ఎన్నికలు దగ్గరపడ్డ 2021 నవంబర్‌లో మూడు సాగు చట్టాలు వెనక్కి పోయాయి. మద్దతు ధరకు చట్టబద్ధత మాత్రం రాలేదు. నువ్వు అడుగుతున్నది కొత్త షరతు కాబట్టి సమయం చూసుకోవాలి. దుకాణాల లైసెన్సులు రెండేళ్లవి, డిసెంబర్ 1న మొదలవుతాయి. 2023లో దరఖాస్తులు ఆగస్టులోనే తీసుకున్నారు. అంటే షరతులు అంతకు ముందే రాసి ఉంటారు. మీరు దసరా తర్వాత వెళ్తే దండలు వేసి పంపుతారేమో గానీ, పని కాదు. వేసవిలోనే కదలండి.

ఈలోపు ఊళ్లవారీగా ఆధారాలు పోగు చేయండి: ఏ తేదీన, ఏ ఊళ్లో, ఏ లేబుల్ ఉన్న సీసా దొరికిందో. ఫొటోలు తీసేటప్పుడు ఒక్కత్తివీ వెళ్లకు, గొడవలవుతాయి. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి, రసీదు మర్చిపోవద్దు. జవాబు రాకపోతే ఆ రసీదు నంబర్‌తో సమాచార హక్కు కింద అడగండి. ఎమ్మెల్యేకు ఒక కాపీ ఇవ్వండి, ప్రతిపక్షం వాళ్లకూ ఇవ్వండి, ఎవరి కండువా మాత్రం వేసుకోవద్దు. జీవో వచ్చాక సంఘాన్ని పడుకోబెట్టకుండా కనీసం మరో రెండేళ్ల పనికి మనుషుల్ని ఇప్పుడే చూసుకో.

వినతిపత్రం ఒక పేజీకి కుదించి పంపు. భాష నేను చూస్తాను. డీ-అడిక్షన్ సెంటర్ సంగతి వైద్య శాఖకు వేరే కాగితంగా రాద్దాం, దానికి తొందరేం లేదు. మీ నాన్నను బీపీ మాత్రలు మానొద్దని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న