మామయ్య తరఫున నేను సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: మా మేనమామకు 76 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశలో బయటపడింది, వెన్నెముకకు పాకింది. అత్తయ్య లేరు. కొడుకు విదేశంలో ఉంటాడు. దగ్గరుండి చూసుకునేది నేనే. ఈ వయసులో కీమో వల్ల బాధే ఎక్కువ, నొప్పి, ఆయాసం తగ్గించే పాలియేటివ్ వైద్యం మేలని డాక్టరు అన్నారు. బావ మాత్రం ఫోన్‌లో కీమో ఆపొద్దని పట్టుబడుతున్నాడు. మామయ్య తెలివిగానే ఉన్నారు, రోజూ పేపరు చదువుతారు. తట్టుకోలేరని ఆయనకు ఊపిరితిత్తుల్లో నిమ్ము అని చెప్పాం. ఆస్పత్రి వాళ్లు ఫారాల మీద నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా? కీమో వద్దంటే రేపు నామీద కేసు అవుతుందా? మార్ఫిన్ ఇస్తే మేమే ప్రాణం తీసినట్టా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు అడిగిన మూడింటికంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది. మామయ్యగారికి నిమ్ము అని చెప్పామన్నారు. ప్రేమతోనే చెప్పారు, అది నాకు అర్థమవుతోంది. కానీ మీ చిక్కంతా అక్కడే మొదలైంది.

ఆయన మేజరు, తెలివిలో ఉన్నారు, విషయం అర్థం చేసుకోగలరు. అలాంటి మనిషికి చేసే వైద్యానికి ఒప్పుకోవాల్సింది ఆయనే. మీకూ బావకూ ఆ హక్కు లేదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మహిళకు, ఆమె తల్లిని అడిగి డాక్టరు పెద్ద ఆపరేషన్ చేశారు. అప్పటికప్పుడు ప్రాణాపాయం లేదు, మెలకువ వచ్చాక ఆమెనే అడగవచ్చు కాబట్టి తల్లి ఒప్పుకోవడం చెల్లదని కోర్టు తేల్చింది. జబ్బు ఏమిటి, వైద్యం వల్ల మేలెంత, కీడెంత, ఇంకో దారి ఉందా, ఏమీ చేయకపోతే ఏమవుతుంది, ఇవి తెలిశాక ఇచ్చేదే సమ్మతి అని కూడా చెప్పింది. నిమ్ము అనుకుంటున్న మనిషి కీమోకి సరేనన్నా, వద్దన్నా అది ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఆ ఫారాల మీద ఆయన బదులు మీరు సంతకం పెట్టకండి. సాక్షిగా పెట్టమంటే అది వేరే సంగతి.

మరి ఎలా చెప్పాలి? అంతా ఒక్కసారే చెప్పేయనక్కర్లేదు. మీరు పక్కన కూర్చోండి, మాట డాక్టరు గారిని మొదలుపెట్టనివ్వండి. 'మీ జబ్బు గురించి మీరు ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు?' అని ముందు అడగమనండి. చాలామంది పెద్దవాళ్లు అప్పటికే సగం ఊహించి, పిల్లలు బాధపడతారని ఊరుకుంటారు. 'నాకేం చెప్పొద్దు, మా మేనకోడలినే అడగండి' అని ఆయన అంటే అదీ ఆయన నిర్ణయమే. అప్పుడు ఆ మాట కేస్ షీట్‌లో రాయించండి.

విషయం తెలిసి ఆయన కీమో వద్దంటే దానికి డాక్టర్ల బోర్డు అక్కర్లేదు, కోర్టు అనుమతీ అక్కర్లేదు. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా మరణించడం కూడా 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. వైద్యం వద్దనడం ఆత్మహత్య కాదు, ఆ మాటను గౌరవించినవాళ్లు నేరస్థులూ కారు. ఆయుష్షు తీయడానికే మందు ఎక్కించడం మాత్రం నేటికీ నేరమే. మార్ఫిన్ ఆ కోవలోకి రాదు. నొప్పి తగ్గడానికి డాక్టరు రాసిన మోతాదులో ఇచ్చేది వైద్యమే. ఇలాంటి మందులు రోగులకు సులువుగా అందాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. మందు చీటీ జాగ్రత్త చేయండి, మాత్రలు ఇంకెవరికీ ఇవ్వకండి, మిగిలితే ఆస్పత్రికి తిరిగి ఇచ్చేయండి. అంతకుమించి భయపడాల్సింది లేదు. ఇంకో మాట, పాలియేటివ్ అంటే వైద్యం మానేయడం కాదు. వెన్ను నొప్పికి కొద్దిపాటి రేడియేషన్ కూడా అందులో ఉండొచ్చు, అడగండి.

నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది ఆయన మాట్లాడలేని రోజు గురించి. వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని అర్ధరాత్రి ఐసీయూ బయట మిమ్మల్ని అడిగితే, ఫోన్‌లో బావ ఒకటి, ఇక్కడ మీరు ఒకటి చెప్పే పరిస్థితి రాకూడదు. దీనికే లివింగ్ విల్ ఉంది. ఏ స్థితిలో ఏ వైద్యం వద్దో, తాను చెప్పలేనప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆయన స్పష్టంగా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. మొదట్లో దీన్ని మెజిస్ట్రేట్ ధ్రువీకరించాల్సి వచ్చేది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు ఆ నిబంధన తీసేసింది, ఇప్పుడు నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలు. ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయవచ్చు. మీ పేరూ బావ పేరూ రెండూ ఉంటే మంచిదని నా అభిప్రాయం. సాక్షులుగా మాత్రం మీరిద్దరూ వద్దు, బయటివాళ్లు ఉండాలి. ఆయన మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ఒక కాపీ చూస్తున్న డాక్టరుకు ఇవ్వండి.

ఆ కాగితం ఉన్నా రేపు యంత్రం తీసేయడం ఒక్క డాక్టరు చేతిలో ఉండదు. చికిత్స చేస్తున్న డాక్టరుతో పాటు కనీసం అయిదేళ్ల అనుభవమున్న ఇద్దరు నిపుణులు మొదటి బోర్డుగా చూస్తారు. తర్వాత రెండో బోర్డు కూడా అంగీకరించాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. లివింగ్ విల్ లేకపోయినా ఈ దారి ఉంది గానీ, అప్పుడు దగ్గరివాళ్ల సమ్మతి అడుగుతారు. గొడవ మొదలయ్యేది అక్కడే.

పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్పినా నమ్మకండి. రాసిచ్చిన మనిషి మతి తప్పితే అది రద్దయిపోతుంది, అంటే సరిగ్గా మీకు అవసరమైన రోజున పనికిరాదు. ఆస్తి వీలునామా కూడా వేరే కాగితం, దాన్ని లివింగ్ విల్‌తో కలపకండి.

ఆలస్యం చేయకండి. జబ్బు ముదిరి మగత మొదలయ్యాక చేసిన సంతకాన్ని ఎవరైనా ప్రశ్నించగలరు. ఆ రోజు ఆయన తెలివిగా ఉన్నారని డాక్టరు చేత రెండు ముక్కలు రాయించి జత చేయండి.

ఇక బావ. దూరంగా ఉన్న కొడుక్కి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధ ఉంటుంది, కీమో పట్టుదల అందులోంచి వస్తుండవచ్చు. ఆయనతో చట్టం గురించి వాదించకండి. వైద్య రికార్డులు కావాలని ఆస్పత్రికి మామయ్యగారి చేత రాతపూర్వకంగా అడిగించండి, 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళిలోనే ఉంది. అవి బావకు పంపండి, కావాలంటే అక్కడ ఇంకో డాక్టరుకు చూపించుకుంటాడు. తర్వాత చికిత్స చేస్తున్న డాక్టరుతో ఒక వీడియో కాల్ పెట్టించండి. ఆ కాల్‌లో మామయ్యగారు కూడా ఉండాలి, ముందు ఆయన్నే మాట్లాడనివ్వండి.